మేస్త్రి అడుగులు: గచ్చు మీది పిల్లి పాదాన్ని సిమెంటు పలకలోకి తెచ్చిన డైరీ

చేయాల్సిన పని ఇది. మా అరుగు గచ్చు మీద ఉన్న పిల్లి పాదముద్రలకి అచ్చు తీసి, సిమెంటు పలక పోసి, పెరట్లో ఆ పిల్లిని పాతిన చోట పెట్టాలి. దసరాలోపు తమ్ముడు అరుగుకి టైల్స్ వేయిస్తున్నాడు. టైల్ పట్టాలంటే పాత గచ్చుని ఉలితో గాట్లు పెట్టాలి, అప్పుడు ముద్రలు మిగలవు. ఇలాంటి పని పెట్టుకున్నవాళ్ళకి ఏది పనికొచ్చింది, ఏది విరిగింది, ఎంత పోయింది తెలియడానికి రాసి పెడుతున్నాను.

ఊరు పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా. నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. రాగి తీగ, వార్నిష్, వెర్నియర్ (మిల్లీమీటర్లలో కచ్చితంగా కొలిచే పరికరం) రోజూ చేతిలో ఉండేవే. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్), సిమెంటు మాత్రం కొత్త.

పిల్లి పేరు మేస్త్రి. అరుగు గచ్చు చేసిన రోజు వెనక కాలవలోంచి ఒక చారల కూన వచ్చి, తడి సిమెంటు మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేసింది. తాపీ పని చేస్తున్న మామ చెరిపేయబోతే అమ్మ ఆపింది. "ఉండనీ బాబూ, పనెలా అవుతోందో చూడ్డానికొచ్చినాడు" అంది. పేరు అప్పుడే పడింది. ఇంట్లోకి వచ్చి తిండి తినడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. తర్వాత పదకొండేళ్ళు ఉన్నాడు. షాపులో ఖాళీ బాబిన్లు పడేసే పెట్టెలో పడుకునేవాడు, తీగలకి తొడిగే పసుపు స్లీవులు కనిపిస్తే నమిలి పారేసేవాడు. చివరికి కిడ్నీలు చెడి ఈ ఫిబ్రవరిలో పోయాడు.

కొమ్ముతో పిల్లి బొమ్మ చేయించమని చాలామంది అన్నారు. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరే, బొమ్మ చక్కగానే వస్తుంది. కానీ అది ఏ పిల్లైనా కావచ్చు. అరుగు మీదున్నది ఒక్క పిల్లిదే.

దశ 1: గుంత

పలక తర్వాత సంగతి, ముందు గుంత. దీని లోతు మీదే చివర్లో పలక నిలబడటం ఆధారపడింది.

1. బావికి దూరంగా, ఎగువన కాకుండా చోటు చూసుకున్నాం.
2. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 45, లోతు 90. వీధి కుక్కలు తవ్వకుండా ఉండాలంటే ఇంతకన్నా తగ్గించొద్దు.
3. ప్లాస్టిక్ సంచి వాడలేదు. పాత నూలు దుప్పటి, దాని మీద గోనెసంచి.
4. సగం మట్టి నింపాక చదునైన రాళ్ళు ఒక వరస పరిచి, మిగతా మట్టి వేశాం.

పెద్దమ్మ కిలో ఉప్పు తెచ్చింది. మన వైపు పూడ్చేటప్పుడు ఉప్పు వేస్తారు కదా. ఉప్పు ఎక్కువైతే ఆ చుట్టుపక్కల మొక్క బతకదు. అందుకని ఒక గుప్పెడు అడుగున వేసి ఆమె మాట నిలబెట్టాం, మిగతాది వంటింట్లోకి వెళ్ళింది. నందివర్ధనం మొక్క మీటరు దూరంలో నాటాం.

దుప్పటి చుట్టే ముందు వెర్నియర్‌తో ఎడమ ముందు పాదం వెడల్పు కొలిచాను: 36 మిల్లీమీటర్లు. ఎందుకు కొలిచానో అప్పుడు తెలియదు. తర్వాత అక్కరకొచ్చింది.

ఖర్చు: గోనెసంచి 20. మొత్తం 20 రూపాయలు.

దశ 2: గచ్చు మీది ముద్రల కొలతలు

అరుగు కడిగి, మెత్తని బ్రష్‌తో దుమ్ము తీసి, సాయంత్రం పక్కనుంచి టార్చి వేసి చూడాలి. పై నుంచి వెలుతురు పడితే ముద్ర కనబడదు, పక్కనుంచి పడితే నీడ వచ్చి ప్రతి అంచూ తెలుస్తుంది.

పిల్లి నెమ్మదిగా నడిచేటప్పుడు వెనక పాదాన్ని దాదాపు ముందు పాదం పడ్డ చోటే వేస్తుంది. అందుకే అరుగు మొదట్లో ఉన్న ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి గజిబిజిగా ఉన్నాయి. మధ్యలో కూన జారినట్టుంది, అక్కడి నుంచి ముందువీ వెనకవీ విడివిడిగా పడ్డాయి. పనికొచ్చేవి అవే: ఒకటి ఎడమ ముందు పాదం, ఇంకొకటి కుడి వెనక పాదం.

ఎడమ ముందు పాదం వెడల్పు 29 మిల్లీమీటర్లు, లోతు ఎక్కువగా ఉన్న చోట 5. రెండు ముద్రల మధ్య దూరం 24 సెంటీమీటర్లు.

29కి, 36కి తేడా చూశారు కదా. అరుగు మీదున్నది కూన కాలు.

ఇంకో తేడా మా పాప పట్టుకుంది. ముద్రలో నాలుగు వేళ్ళూ ఉన్నాయి. పిల్లి ముందు కాలికి ఐదు వేళ్ళుంటాయి గానీ ఐదోది పైన ఉండటంతో నేలకి ఆనదు, నాలుగే పడతాయి. మేస్త్రికి ఎడమ ముందు కాలికి నేలకానేవి మూడే. మా ఇంటికి వచ్చిన ఏడాదికి ఎలుకల బోనులో బయటి వేలు నలిగిపోయింది, పశువుల డాక్టరు తీసేశారు. (ఆ రాత్రి నొప్పికి పారాసెటమాల్ సగం బిళ్ళ వేయమని పక్కింటివాళ్ళు సలహా ఇచ్చారు. పిల్లి శరీరం ఆ మందుని విరగ్గొట్టలేదు, చిన్న ముక్క కూడా ప్రాణం తీస్తుంది. ఎవరు చెప్పినా వేయకండి.)

"ఇది మన మేస్త్రి కాలు కాదు నాన్నా" అంది పాప. దీని గురించి దశ 5లో.

దశ 3: బంకమట్టి అచ్చు, పీఓపీ అచ్చు

మొదట కుమ్మరి దగ్గర 30 రూపాయలకి పిసికిన బంకమట్టి తెచ్చాను. గచ్చుకి కొబ్బరినూనె రాసి మట్టి ఒత్తితే ముద్ర బాగానే దిగింది. ఆరాక కొలిస్తే 29 ఉండాల్సింది 27కి దిగింది. బంకమట్టి ఆరితే కుంచించుకుపోతుంది, కాలిస్తే ఇంకా. కూన కాలే చిన్నది, దాన్ని ఇంకా చిన్నది చేయడం దేనికని మట్టి వదిలేశాను.

పీఓపీకి ఆ బాధ లేదు. పైగా గట్టిపడేటప్పుడు వెంట్రుకవాసి ఉబ్బుతుంది, అందుకే సన్నని గీతలు కూడా దిగుతాయి. అదే ఉబ్బు వల్ల గచ్చు గరుకుని గట్టిగా పట్టేస్తుంది కూడా.

విఫలమైనవి, కారణాలతో:

* సంచి విప్పి పెట్టి చిల్లరగా అమ్మే పీఓపీ, 2 కిలోలు 50 రూపాయలు. తేమ పీల్చేసిన సరుకు. కలిపిన వెంటనే గడ్డకట్టింది, వేలితో గీస్తే పొడి రాలింది. వానాకాలంలో విడి పీఓపీ కొనొద్దు. సీలు సంచి 5 కిలోలు 140కి తెచ్చాను.
* కొబ్బరినూనె గచ్చులోకి ఇంకిపోయి, పీఓపీ అంటుకుపోయింది. ఊడదీస్తే రెండు వేళ్ళు గచ్చులోనే విరిగి ఉండిపోయాయి. వాటిని తడిపి, వెదురు పుల్లతో గీకి తీయడానికి ఒక పూట పట్టింది. ఇనప సూది వాడితే గచ్చు గీతలు పడుతుంది.
* పాదం ఎత్తేటప్పుడు సిమెంటు అంచు లోపలికి వంగి ఉంది. అచ్చు ఆ పెదవి కింద ఇరుక్కుంటుంది.

చివరికి కుదిరిన పద్ధతి:

1. లోపలికి వంగిన అంచు కింద కొవ్వొత్తి మైనం మెత్తగా చేసి, పలచగా నింపాలి. వేలి గుంటల్లోకి పోనివ్వొద్దు.
2. బట్టల సబ్బు చిక్కగా కలిపి బ్రష్‌తో రాసి, ఆరనిచ్చి, మళ్ళీ రాయాలి. సబ్బుతో గచ్చు రంధ్రాలు మూసుకుంటాయి. దాని మీద వాజిలిన్ సన్నని పొర.
3. 140 మిల్లీలీటర్ల నీళ్ళు, 200 గ్రాముల పీఓపీ. పొడిని నీళ్ళలో చల్లాలి, నీళ్ళు పొడిలో పోయకూడదు. ఒక నిమిషం నాననిచ్చి నెమ్మదిగా తిప్పాలి. జోరుగా తిప్పితే గాలి బుడగలు.
4. మొదట బ్రష్‌తో పలచగా పూసి, తర్వాత మిగతాది పోయాలి.
5. గట్టిపడే ముందు 14 గేజి రాగి తీగ కొక్కెంలా వంచి గుచ్చాలి. లాగడానికి పట్టు లేకపోతే అచ్చు అంచుల దగ్గర విరుగుతుంది.
6. పీఓపీ వేడెక్కుతుంది. ఆ వేడి పూర్తిగా తగ్గాకే లాగాలి, మా దగ్గర ముప్పావుగంట పట్టింది.

గుంట ముద్రలో పోసిన అచ్చు ఉబ్బెత్తుగా వస్తుందని తెలిసే చేశాను. అయినా తీగ పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చింది ముద్ర కాదు, కాలు. అరికాలి దిండు, దాని వెనక అంచున మూడు ఒంపులు, పైన నాలుగు వేళ్ళు. షాపులో బల్ల మీద పడుకుని కాళ్ళు ఇటు చాపితే కనిపించేవి ఇవే. అమ్మ చూసి బొటనవేలితో ఆ దిండుని ఒకసారి నొక్కి ఇచ్చేసింది.

రెండు వేళ్ళ కొనల్లో చిన్న ముళ్ళలాంటివి కనబడ్డాయి. బుడగల మచ్చలేమో అని ఆకురాయితో రుద్దబోయాను. అప్పుడే మామ వచ్చాడు, అరుగు గచ్చు చేసిన ఆయనే. "ఏటిరా బాబూ, అవి గోళ్ళు. ఆ రోజు కాలు జారి గోళ్ళు దిగేసినాడు కాదేటి" అన్నాడు. పిల్లి మామూలుగా నడిస్తే గోళ్ళు లోపలే ఉంటాయి, ముద్రలో పడవు. కుక్క ముద్రకీ పిల్లి ముద్రకీ తేడా చెప్పే గుర్తుల్లో అదొకటి. ఇక్కడ రెండు ముళ్ళూ ఒకే దిక్కుకి తిరిగి, గచ్చులో చూస్తే వాటి ముందు సన్నని గీత కూడా ఉంది. మచ్చ అనిపించినదాన్ని రుద్దే ముందు గచ్చులోకి మళ్ళీ టార్చి వేసి చూడండి.

ఖర్చు: బంకమట్టి 30, విడి పీఓపీ 50, సీలు సంచి 140, వాజిలిన్ 30. దశ 1తో కలిపి మొత్తం 270 రూపాయలు.

దశ 4: పలక

పీఓపీ కాళ్ళనే వాన పడే చోట పెట్టలేం. గట్టిపడ్డ పీఓపీ అంటే జిప్సమే, అది నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది, రెండు వానాకాలాలకి వేళ్ళు మొండి అవుతాయి. అందుకని కాళ్ళని చెక్క అడుగున బిగించి, పైన సిమెంటు పోసి, తిరగేసి తీస్తే గుంట ముద్రలు పలకలో రావాలి. సిలికాన్ అచ్చయితే ఇంత తిప్పలు లేదన్నారు. ధర కనుక్కుంటే అప్పటిదాకా అయిన ఖర్చుకి మూడింతలు దాటింది, వద్దనుకున్నాను.

పలక కొలత 45 × 20 × 4 సెంటీమీటర్లు. 3,600 ఘన సెంటీమీటర్లు, ఆరాక సుమారు 8 కిలోల బరువు. సిమెంటు ఒక పాలు, సన్న ఇసుక రెండు పాళ్ళు. తూకంలో సిమెంటు 2.3 కిలోలు, నీళ్ళు లీటరు, అంతకు మించొద్దు. నీళ్ళెక్కువైతే పోయడం సులువే గానీ పలక బలహీనపడుతుంది.

ఇసుక మహేంద్రతనయ ఏటిది. వాడే ముందు సీసా పరీక్ష: సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు, బాగా ఊపి కొన్ని గంటలు వదిలేయాలి. ఇసుక మీద తేరిన ఒండ్రు పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే కడగాలి. మాది దాటింది. రెండు నీళ్ళు కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టాను.

మొదటి పలక మర్నాడు తిరగేస్తే చెక్క ఊడింది గానీ కాళ్ళు ఊడలేదు. పీఓపీ సిమెంటులోని నీళ్ళని పీల్చేసుకుంది. ఒకవైపు పీఓపీ మెత్తబడి పలకలోనే ఉండిపోయింది, ఇంకోవైపు నీళ్ళు పోయిన సిమెంటు పొడిపొడిగా రాలింది. కుడి వెనక ముద్ర పూర్తిగా పాడు. పలక మొక్కల కుండీ కింద పీటగా పనికొచ్చింది.

మార్చినవి:

1. పీఓపీ కాళ్ళని వారం రోజులు నీడలో ఆరబెట్టాను. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.
2. షాపులోని గాలికి ఆరే వైండింగ్ వార్నిష్ పలచన చేసి పూశాను. మొదటి పూత మొత్తం పీల్చేసుకుంది. మెరుపు వచ్చేదాకా పూస్తూ పోవాలి. వార్నిష్ దొరకనివాళ్ళకి వడ్రంగులు తలుపులకి కొట్టే లక్క పాలిష్ సరిపోతుంది.
3. దాని మీద వాజిలిన్, గుడ్డతో తుడిచేసినంత పలచగా. మందంగా ఉంటే గోళ్ళ గీతలు పూడిపోతాయి.
4. ముందు సిమెంటు, నీళ్ళు మాత్రమే కలిపిన చిక్కటి పాలు బ్రష్‌తో కాళ్ళ చుట్టూ పూసి, ఆ తర్వాత సిమెంటు ఇసుక పోశాను. సగం ఎత్తులో కోళ్ళ జాలీ ముక్క.
5. పోశాక చెక్క అడుగున సుత్తి పిడితో తడుతూ ఉండాలి. బుడగలు పైకి వస్తాయి, ఆగిపోయేదాకా తట్టాలి.
6. మర్నాడు కాక మూడో రోజు తిరగేశాను. తర్వాత పది రోజులు తడి గోనెపట్టా కప్పి, పూటపూటా నీళ్ళు.

కాళ్ళు చక్కగా ఊడి వచ్చాయి. ముద్ర వెడల్పు 29 మిల్లీమీటర్లే. గోళ్ళ గీతలు కూడా ఉన్నాయి.

పేరు విషయం. అక్షరాలు అచ్చులోనే పెడదామని రబ్బరు షీటు కోశాను. తిరగేసి కోయాలి, అది కష్టం కాదు. 'స్త్రి' దగ్గర ఒత్తుల మధ్య ఉన్న రెండు మిల్లీమీటర్ల సిమెంటు నిలబడదు, రాలిపోతుంది. చెక్కముక్క మీద చేసిన నమూనాలోనే తేలిపోయింది. రబ్బరు తీసేసి, తిరగేసిన పూటే, పలక ఇంకా పచ్చిగా ఉండగా మేకుతో రాశాం. పైన తెలుగులో అమ్మ రాసింది, కింద ఒడియాలో పాప. మూడో రోజుకి కాస్త గట్టిపడింది గానీ మేకు దిగింది. ఇంకా ఆలస్యమైతే ఉలి కావాలి.

కొన్ని రోజులకి పలక మీద తెల్లటి ఉప్పు పూత వచ్చింది. సిమెంటులోని సున్నం నీటితో పైకి వచ్చి గాలికి తెల్లబడుతుంది. పొడి బ్రష్‌తో రుద్ది కడిగితే పోతుంది, యాసిడ్ అక్కర్లేదు.

ఖర్చు: ప్లైవుడ్ ముక్కలు 60, సిమెంటు రెండు విడతలు 120, జాలీ 40. మొదటి నుంచీ కలిపి మొత్తం 490 రూపాయలు.

దశ 5: నాలుగో వేలు

పలక రెండోసారి పోయకముందు జరిగింది, విడిగా రాస్తున్నాను.

పాప పట్టు ఏమిటంటే, బయటి వేలు తీసేయాలి, అప్పుడే అది మన మేస్త్రి. తమ్ముడు కూడా దానికే ఓటు వేశాడు. పీఓపీ కాళ్ళలో బుడగలు పడ్డది ఒకటి పక్కన ఉంది, దాని మీద చేసి చూద్దామన్నాను. హాక్సా బ్లేడు ముక్కతో కోస్తే పీఓపీలో వేలు తెగడం ఎంతసేపు. దాన్ని తడి ఇసుకలో ఒత్తి చూశాం.

కుదరలేదు. వేలు పోయాక మేస్త్రి బరువు లోపలి వైపు వేసి నడిచేవాడు, మిగిలిన మూడూ కాస్త విచ్చుకుని ఉండేవి. ఇక్కడ మూడు వేళ్ళూ కూనవి, ముచ్చటగా దగ్గరగా ఉన్నాయి, పక్కన ఖాళీ. ఎవరిదీ కాని కాలు అది. వేళ్ళు విడదీసి మళ్ళీ చెక్కొచ్చు. అప్పుడది బొమ్మ అవుతుంది, బొమ్మ వద్దనే కదా మొదలుపెట్టింది.

అమ్మ అంతసేపూ బియ్యం ఏరుతూ వింది. "బోను చేసిన పని మళ్ళీ మనమెందుకు చెయ్యడం" అంది. పాప ఆ తెగిన వేలు ముక్క తీసుకుని పెన్సిల్ డబ్బాలో వేసుకుంది. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

కాబట్టి పలక మీద ఉన్నది మేము పెంచిన పిల్లి కాలు కాదు, మా ఇంట్లో అన్నం తినక ముందు కాలవలోంచి వచ్చి మా అరుగు దాటిన కూన కాలు. అప్పటికి వాడికి మేమెవరమో తెలియదు. నాకిది నచ్చింది. తమ్ముడికి ఇప్పటికీ నచ్చలేదు.

దశ 6: పలక పెట్టడం

ఫిబ్రవరిలోనే గుంత మీద గుర్తుగా ఒక ఇటుక పెట్టాం. జులై వానలకి అది ఒకవైపు ఒరిగి 4 సెంటీమీటర్లు కుంగింది. తవ్వి పూడ్చిన మట్టి ఎంత తొక్కినా మొదటి వానాకాలంలో దిగుతుంది. పలకని నేరుగా దాని మీద పెడితే మధ్యలో విరిగేది.

1. కుంగిన చోట మట్టి నింపి, నీళ్ళు పోసి దిమ్మిస కొట్టాం.
2. పాత వంటింటి గూటి కడప రాయి 90 సెంటీమీటర్లది ఇంట్లోనే ఉంది. గుంత పొడవు 60 కాబట్టి రెండు చివరలూ 15 సెంటీమీటర్ల చొప్పున తవ్వని నేల మీద ఆనుతాయి. మధ్య మట్టి ఇంకా దిగినా రాయి కదలదు.
3. రాయి మీద పలచని సిమెంటు పరుపు, దాని మీద పలక. మిగిలిన సిమెంటే సరిపోయింది.
4. రసమట్టం పెట్టి, 45 సెంటీమీటర్లకి 9 మిల్లీమీటర్ల వాలు ఇచ్చాం.

వాలు ఉన్నా ముద్రల గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. అడుగున రంధ్రం వేస్తే పోతుంది, కానీ దిండు మధ్యలో డ్రిల్లు పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. దోమ గుడ్డు పిల్లయి ఎగరడానికి వారం పైనే పడుతుంది, అందుకని వానలప్పుడు మూడు రోజులకోసారి పాత బనీను ముక్కతో ఒత్తి తీస్తున్నాం.

ఆఖరి మొత్తం 490 రూపాయలు. విడి పీఓపీ, బంకమట్టి, పాడైన పలక సిమెంటు తీసేస్తే 350కి అయ్యే పని.

టైల్స్ పని మొదలైంది. మామ మిగిలిన పీఓపీ చూసి తన మనవరాలి చెయ్యి అచ్చు తీసిపెట్టమన్నాడు. పీఓపీలో చెయ్యి నేరుగా పెట్టకూడదు. పెద్ద ముద్దగా గట్టిపడేటప్పుడు చర్మం కాలేంత వేడెక్కుతుంది. బతికున్న పిల్లి కాలికీ అంతే. చపాతీ పిండిలాంటి మెత్తని ముద్దలో క్షణం ఒత్తి తీసి, ఆ గుంటలో పీఓపీ పోయాలి. పిండికి ఉప్పు వేయకండి, ఉప్పుపిండి నాకితే పిల్లికి ప్రమాదం. ఆదివారం ఆ పాపని తీసుకురమ్మన్నాను.